పది నలభై నాటి నీలం గొడుగు

పాతికేళ్ళు లెక్కలు చెప్పి, ఆ తర్వాత డిటెక్టివ్ ఆఫీసు తెరిచిన టీచరమ్మకు ఒక అలవాటుంది. ఎదుటివాళ్ళు చెప్పే జవాబుతో ఆవిడకు పెద్దగా పనిలేదు. ఆ జవాబు దాకా ఏయే మెట్లెక్కి వచ్చారో చెప్పమంటుంది. మెట్లు చెప్పలేనివాడు పక్కవాడి కాగితంలో చూసి రాశాడన్నమాట. ఈ ఒక్క సూత్రంతోనే ఆవిడ ఇద్దరు దొంగ డాక్టర్లనీ, ఒక దొంగ పెళ్ళికొడుకునీ పట్టించింది.

బుధవారం మధ్యాహ్నం పన్నెండుంబావుకి స్టేషన్లో ఆవిడ ఎదురుగా కూర్చున్న ఫ్రేముల మేస్త్రికి మాత్రం మెట్లూ రావు, జవాబూ రాదు. అరవై ఏళ్ళ మనిషి. నలభై ఏళ్ళుగా బొమ్మలకు ఫ్రేములు కట్టిన చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని, అవి తనవి కానట్టు వాటివంకే చూస్తున్నాడు. సాయంత్రం అయిదింటికి ఆయన్ని కోర్టులో హాజరుపరుస్తారు. అక్కణ్ణించి జైలుకి తీసుకెళ్తే మళ్ళీ ఎప్పుడు బయటపడతాడో చెప్పలేం.

కేసు వినడానికి రెండో ఎక్కమంత తేలిక. సోమవారం ఉదయం పది నలభైకి ఒక పాత పెయింటింగ్‌ని స్టూడియోలో ఫోటో తీశారు. పదకొండూ పదికి అది ఫ్రేము కోసం మేస్త్రి దుకాణానికి వెళ్ళింది. మూడున్నరకి మేస్త్రే దాన్ని వేలం హాలుకు తెచ్చి అప్పగించాడు. నాలుగింటికి హాల్లో పెద్ద టీవీ మీద పొద్దుటి ఫోటో వేసి, పక్కన బొమ్మను నిలబెట్టారు. రెండిట్లోనూ గొడుగు రంగు వేరువేరుగా ఉంది. ఫోటోలో నెమలికంఠం రంగు, బొమ్మలో సిరా నీలం. ఇరవైమంది కళ్ళారా చూశారు. మంగళవారం లేబొరేటరీ వాళ్ళు హాల్లో ఉన్నది నకిలీ అనీ, ఆ రంగులు వేసి ఏడాది కూడా కాలేదనీ తేల్చారు. ఫోటో తీసినప్పుడు అసలుది ఉంది, నాలుగింటికి నకిలీది ఉంది, మధ్యలో ఉన్నది మేస్త్రి ఒక్కడే. ఇన్‌స్పెక్టర్ రెండు రెళ్ళు నాలుగని లెక్కగట్టి మేస్త్రిని లోపలేశాడు.

టీచరమ్మ మేస్త్రిని గొడుగు ఏ రంగులో ఉందో చూశారా అని అడిగింది.

“నేను బొమ్మలు చూడనమ్మా,” అన్నాడాయన. “అంచులు చూస్తాను. నా పని అంచులతోనే.”

“సరే, అంచుల్లో ఏం చూశారు?”

“వెనక మేకులు మెరుస్తున్నాయి. బొమ్మేమో అరవై ఏళ్ళనాటిదన్నారు. మేకుల తలల మీద తుప్పు చుక్క లేదు. ఈ మాట సారుకి చెప్పాను. నువ్వు కొట్టావు కాబట్టే మెరుస్తున్నాయన్నారు.”

టీచరమ్మ నోటుబుక్కులో ‘మేకులు’ అని రాసి, కింద రెండు గీతలు గీసింది. నిజం చెప్పినవాడికి తన్నులు, అబద్ధం చెప్పినవాడికి సన్మానాలు అయిపోయింది లోకం అని మనసులో తిట్టుకుంది కూడా.

బయట ఆవిడ కోసం ఒక అమ్మాయి నిలబడి ఉంది. సోమవారం ఆ ఫోటో తీసిందీ, టీచరమ్మను ఈ పనిలో పెట్టిందీ ఈ మనిషే. మేస్త్రికి మేనకోడలు. తండ్రి పోయాక మేనమామే పెంచాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఎండాకాలమైనా చలికాలమైనా బూడిదరంగు కోటే వేసుకుంటుంది. ఏదైనా కొలవందే నమ్మదు కనుక ఫోటోల పనిలో ఉన్నవాళ్ళందరూ కొలతమ్మ అంటారు. టీచరమ్మకు మొదటిరోజే ఆ పేరు నచ్చింది. తన తరగతిలో అలాంటి పిల్ల ఒక్కతి ఉన్నా ఇంకో అయిదేళ్ళు బడి వదిలేది కాదు.

“మీ మామయ్య మేకుల గురించి చెప్పాడు. ఇక నీ సంగతి చెప్పు. ఆ ఫోటోలో తప్పేమైనా ఉందా?”

“లేదండీ.”

“ఎలా తెలుసు?”

కొలతమ్మ దారిపొడుగునా మెట్టుమెట్టుగా చెప్పింది. ఫోటో అంటే యంత్రానికి అంకెలేనట. ఏ అంకెకి ఏ రంగో చెప్పే చీటీ ఒకటి ఫోటోతోపాటే వెళుతుంది. ఆ చీటీ ఊడిపోతే ఒక్కో తెర తన ఇష్టం వచ్చినట్టు చదువుకుంటుంది. చీటీ ఉన్నా సరిపోదు, తెర కూడా నిజాయితీగా ఉండాలి. కంపెనీ నుంచి వచ్చే ప్రతి తెరా కొద్దో గొప్పో గొప్పలకు పోతుంది, దుకాణంలో పక్క టీవీని ఓడించాలి కదా. అందుకని మౌసంత పరికరం ఒకటి తెర మీద తగిలించి, అది ఏ రంగు అడిగితే ఏ రంగు చూపిస్తోందో కొలిచి, గొప్పలు దించాలి. తన స్టూడియో మానిటర్‌కి ప్రతి నెల మొదటి తారీఖున దించుతుంది. హాల్లో టీవీకి కూడా మూడు వారాల కిందటే దించింది.

“మరి అదే టీవీ మీద గొడుగు నెమలికంఠం రంగులో ఎందుకు కనిపించింది?”

“అదే నేనూ చూడాలి. నన్నింతదాకా చూడనివ్వలేదు. మేస్త్రి మేనకోడలివి, దూరంగా ఉండమన్నారు.”

వేలం హాలు తలుపు మేనేజరు తీశాడు. లోపల అప్పటికే ఒక పెద్దమనిషి ఉన్నాడు. పాత పెయింటింగులకు విలువ కట్టి, ఇది అసలని సంతకం పెట్టేది ఈయనే. అందరూ నిపుణుడుగారు అంటారు. ఈ బొమ్మను కూడా యజమాని ఇంటినుంచి తెచ్చి, పన్నెండు రోజులు తన దగ్గర పెట్టుకుని పరీక్షించి, సోమవారం పొద్దున స్టూడియోలో దింపింది ఆయనే. నాలుగింటికి గొడుగు రంగు తేడాను మొదట చూపించిందీ ఆయనే. మేస్త్రి కోసం చాలా బాధపడ్డాడు. అంత మంచి పనివాడు ఇలా గడ్డి కరుస్తాడనుకోలేదన్నాడు.

టీచరమ్మ ఆయన్ని సోమవారం మూడింటికి ఎక్కడున్నారని అడిగింది. మూడింటినుంచి ఇక్కడే ఉన్నానన్నాడు. టీవీ ఎవరు పెట్టారంటే నవ్వేశాడు.

“మా ఇంట్లో టీవీ పెట్టాలన్నా మా ఆవిడే పెట్టాలండీ. నాకు రిమోట్లో సౌండు మీట తప్ప మరోటి తెలీదు. మేనేజరే పెన్‌డ్రైవ్ గుచ్చి వెళ్ళాడు.”

మేనేజరు అవునన్నాడు. రెండూ యాభైకి గుచ్చి భోజనానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి మూడూ నలభై అయింది.

కొలతమ్మ ముందు పెన్‌డ్రైవ్‌లో ఫోటో చూసింది. చీటీ ఉంది. తర్వాత టీవీలో వార్తలు పెట్టమంది. వార్తలు చదివే మనిషి ముఖం ముఖంలాగే ఉంది. మళ్ళీ పెన్‌డ్రైవ్‌కి మారింది. వాన పడుతున్న వీధి, వెనక్కి తిరిగి నిలబడ్డ మనిషి, మీద గొడుగు. గొడుగు నెమలికంఠం రంగు. అప్పుడామె టీవీని గోడనుంచి కాస్త ముందుకు లాగి, వెనక చెయ్యిపెట్టి తడిమింది. వీపు మీద అంటించిన చిన్న కాగితం అక్కడ దొరికింది. తను దించిన ప్రతి తెర వెనకా ఆ రోజు తారీఖూ అంకెలూ రాసి అంటించడం ఆమె పద్ధతి. ఎవరూ అడగలేదు, ఎవరూ చూడరు, అయినా అంటిస్తుంది. టీచరమ్మ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. ఎవరూ దిద్దని హోంవర్కును ఇంత శ్రద్ధగా రాసే మనుషులు ఇంకా ఉన్నారన్నమాట.

కాగితం మీద: టింట్ సున్నా, బ్రైట్‌నెస్ యాభై, షార్ప్‌నెస్ సున్నా. తెర మీద మెనూలో ఇప్పుడు: టింట్ పచ్చవైపు పద్నాలుగు, బ్రైట్‌నెస్ ముప్పై ఒకటి, షార్ప్‌నెస్ సున్నా.

“ఈ టీవీ ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో సెట్టింగు గుర్తుపెట్టుకుంటుంది,” అంది కొలతమ్మ గొంతు తగ్గించి. “వార్తలకి ఎవరూ ఏమీ ముట్టుకోలేదు. పెన్‌డ్రైవ్‌కి మాత్రమే మార్చారు.”

“ఎవరైనా పొరపాటున మీట నొక్కి ఉండొచ్చుగా?”

“పొరపాటున నొక్కితే టీవీ ధగధగా మెరిసిపోయే షోరూమ్ సెట్టింగుకు వెళుతుంది. అప్పుడు షార్ప్‌నెస్ కూడా పెరుగుతుంది. ఇక్కడ రెండే కదిలాయి. టింట్ అంటే రంగుల్ని పచ్చవైపో ఎరుపువైపో జరిపే మీట, అది రంగు ఉన్నచోటే పనిచేస్తుంది. బూడిదరంగు మీద దాని ఆటలు సాగవు. ఈ బొమ్మలో వీధీ వానా అన్నీ బూడిదరంగే. గొడుగొక్కటే రంగు. గొడుగు మారుతుంది, ఇంకేదీ మారదు. ఇది తెలిసిన చెయ్యండీ.”

ఇన్‌స్పెక్టర్ సరిగ్గా ఆ మాట దగ్గరే లోపలికి వచ్చాడు. చిన్నప్పుడు టీచరమ్మ దగ్గర లెక్కల్లో బొటాబొటిగా గట్టెక్కిన శిష్యుడు. ఆ కసి ఇంకా పోలేదు. ఎర్రటి కేసు ఫైలుతో అరచేతిలో కొట్టుకుంటూ అంతా విన్నాడు. విని, బాగుందన్నాడు.

“తెలిసిన చెయ్యి అని ఈ అమ్మాయే ఒప్పుకుంటోంది. ఈ హాల్లో టీవీ సంగతి తెలిసిన చెయ్యి ఆమెదొక్కటే. మామ బొమ్మ మారుస్తాడు, కోడలు టీవీ మారుస్తుంది. నాకు ఇద్దరు దొరికారు. థాంక్సండీ టీచరుగారూ.”

కొలతమ్మ ముఖం పాలిపోయింది. నిపుణుడు జాలిగా తల అడ్డంగా ఆడించాడు.

“కూర్చో నాయనా,” అంది టీచరమ్మ. ఇన్‌స్పెక్టర్ తెలియకుండానే కూర్చున్నాడు. పాత అలవాటు. “టీవీ మారిస్తే ఏమైంది? ఫోటోకీ బొమ్మకీ తేడా వచ్చింది. తేడా వస్తే ఎవరు ఇరుక్కున్నారు? మేస్త్రి. మేనకోడలు తన మేనమామకు తనే గొయ్యి తవ్విందంటావా? మేస్త్రి బొమ్మ మార్చి ఉంటే, వాళ్ళిద్దరికీ కావలసింది రెండూ ఒక్కలా కనిపించడం. మెట్టు తప్పావు.”

ఇన్‌స్పెక్టర్ ఫైలు ఒళ్ళో పెట్టుకున్నాడు. టీచరమ్మ అతన్ని ఒకటే కోరింది. బొమ్మను తీసుకుని మూడింటికి కొలతమ్మ స్టూడియోకి రావాలి. నిపుణుడుగారు కూడా దయచేస్తే మరీ మంచిది, కళ్ళున్న మనిషి కదా. నిపుణుడు సంతోషంగా వస్తానన్నాడు.

దారిలో ఆవిడను ఒక లెక్క తొలుస్తూనే ఉంది. టింట్ ఎందుకు కదిలించారో తెలిసింది. రంగు తేడా పుట్టించడానికి. మరి బ్రైట్‌నెస్ ఎందుకు యాభైనుంచి ముప్పై ఒకటికి దించారు? కొలతమ్మ చెప్పింది: టీవీలో ఆ మీట నలుపును ఎంత నల్లగా చూపాలో తేలుస్తుంది. దించితే చీకటి భాగాలన్నీ కలిసిపోయి కాటుక ముద్దయిపోతాయి.

“అయితే చీకట్లో ఏదో దాచారు,” అంది టీచరమ్మ.

స్టూడియో రెండు గదులు. లోపలి గది గోడలు, పైకప్పు, తలుపు, బల్ల, అన్నీ ఒకే బూడిదరంగు. కిటికీకి నల్లగుడ్డ. గోడల రంగు కంటిని మోసం చెయ్యకూడదని అలా వేయించుకుంది. వేసింది మేనమామే. ఏడు రకాల బూడిదరంగు కలిపి, ఆమె కొలిచి వద్దంటే మళ్ళీ కలిపి, ఎనిమిదోసారి ఒప్పించాడట. మానిటర్‌కి మూడువైపులా నల్ల అట్టతో గూడు. పక్కన బొమ్మను నిలబెట్టే చోట పగటి వెలుగులాంటి దీపం. ఆమె మానిటర్ వేసి, అరగంట ఆగాలంది. వేడెక్కేదాకా తెర మాట నమ్మకూడదట. ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకున్నాడు. మూడూ అయిదు. అయిదింటికి కోర్టు. కోర్టు తనకోసం ఆగదన్నాడు. తెర కోర్టుకోసం తొందరపడదని ఆమె నెమ్మదిగానే జవాబిచ్చింది. అంత ఆపదలోనూ ఆ పిల్ల ఒక్క నిమిషం తగ్గించలేదు. టీచరమ్మకు లేచి చప్పట్లు కొట్టాలనిపించింది.

మూడూ ముప్పై అయిదుకి పరికరం తగిలించి కొలిచింది. సరే అనుకున్నాక సోమవారం ఫోటో తెరిచింది. నకిలీ బొమ్మ దీపం కింద ఉంది. తెరలోనూ, దీపం కిందా గొడుగు ఒకే సిరా నీలం. ఇన్‌స్పెక్టర్ ముందుకు వంగాడు. ఎర్ర ఫైలు చేతిలో పట్టుకుని, ఒకసారి అటూ ఒకసారి ఇటూ చూస్తున్నాడు.

“ఆ ఎర్ర ఫైలు కాస్త వెనక్కి పెట్టండి,” అన్నాడు నిపుణుడు విసుగ్గా. “తెరమీద దాని ఛాయ పడుతోంది. రంగు తేలదు.”

ఆ మాట అన్నవాడికే ముందు వినబడింది. కొలతమ్మ తన కోటు కాలరు పట్టుకుని అతనివైపు చూసింది. తెర మీద రంగు ఛాయ పడకూడదనే ఆ కోటు. బూడిదరంగే ఎందుకని పదేళ్ళలో ఆమెను అడగనివాడు లేడు. అడక్కుండా తెలిసినవాడు ఈయనొక్కడే.

“సౌండు మీట తప్ప తెలీదన్నారు,” అంది టీచరమ్మ.

నిపుణుడు నవ్వడానికి ప్రయత్నించాడు. ఎక్కడో చదివానన్నాడు. అయినా మంచి నకలుకి రంగు కలవడంలో వింతేముందన్నాడు. అసలుకీ నకిలీకీ తేడా కనపడనంత బాగా చేశాడు మేస్త్రి, అంతే.

“తేడా కనపడదంటే, సోమవారం నాలుగింటికి మీకు కనిపించిన తేడా ఏమిటి మరి? ఆ తేడా మీదే కదా మేస్త్రిని లోపలేసింది. అమ్మాయ్, గొడుగు కింద చీకటి చూపించు.”

కొలతమ్మ ఫోటోను దగ్గరికి తెచ్చింది. హాలు టీవీలో కాటుక ముద్దగా ఉన్న చోటు ఇక్కడ విచ్చుకుంది. నలుపులో నాలుగైదు రకాల నలుపులు. గొడుగు మూడో ఊచ కింద, రంగులో కూరుకుపోయి, గోరంత పొడవున ఒక కుంచె వెంట్రుక. కొక్కెంలా వంగి ఉంది.

ఇన్‌స్పెక్టర్ దీపం కిందికి వెళ్ళి బొమ్మ మీద వంగాడు. జేబులోంచి భూతద్దం తీశాడు. చాలాసేపు లేవలేదు. లేచాక గొంతు మారింది.

“ఉంది. మూడో ఊచ కింద. అదే వంపు.”

“అయితే పది నలభైకి ఫోటో తీసింది ఈ బొమ్మనే,” అంది టీచరమ్మ. “నకిలీ స్టూడియోకి వచ్చేటప్పటికే నకిలీ. కొత్త మేకులతో సహా. మేస్త్రి నీకు మొదటిరోజే చెప్పాడు నాయనా, నువ్వు వినలేదు. అంతకుముందు పన్నెండు రోజులు బొమ్మ ఎవరి దగ్గరుంది? మూడింటినుంచి హాల్లో టీవీతో ఒంటరిగా ఎవరున్నారు? కొన్నవాళ్ళెవరైనా లేబొరేటరీకి పంపితే నకిలీ బయటపడుతుంది. ఆ మార్పు మేస్త్రి దగ్గరున్న నాలుగు గంటల్లోనే జరిగినట్టు కనిపిస్తే చాలు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ పిల్ల పట్టింది.”

నిపుణుడు కుర్చీలో కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టర్ ఫోను తీసి స్టేషన్‌కి చేశాడు. మేస్త్రిని కోర్టుకు తీసుకెళ్ళొద్దనీ, తనొచ్చేదాకా కుర్చీ వేసి కూర్చోబెట్టమనీ చెప్పాడు. అది విని కొలతమ్మ బల్ల అంచు పట్టుకుంది. ఆమె కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. తుడుచుకోలేదు.

నిపుణుడు అప్పుడే తాపీగా అన్నాడు.

“ఏడాదిలో పదిహేడు బొమ్మలు తెచ్చాను నేను ఈ గదికి. ప్రతిదానికీ ఈ అమ్మాయే ఫోటో తీసింది. ఆవిడ తెర మీద చూసి, సరిపోయిందని నమ్మే అందరూ కొనుక్కున్నారు. నాతోపాటు బోనెక్కేదెవరో ఒకసారి ఆలోచించుకోండి.”

ఇన్‌స్పెక్టర్ ఫోను జేబులో పెట్టుకుంటూ ఆగిపోయాడు. కొలతమ్మవైపు చూసిన ఆ చూపు టీచరమ్మకు తెలుసు. మొదటి జవాబు తప్పిన కుర్రాడు రెండో జవాబు కోసం వెతుక్కునే చూపు అది.

“మీ మామయ్యను వదిలేస్తాం,” అన్నాడతను. “నువ్వు మాత్రం ఊరు దాటకు.”

అమ్మాయ్, ఇక ఆ కంప్యూటర్ ముట్టుకోకు, ముందు లాయరుతో మాట్లాడదాం అని టీచరమ్మ అనబోయింది. అప్పటికే కొలతమ్మ పాత ఫైళ్ళు తెరిచింది. కిందటి నెల తీసిన ఫోటో. పడవ, ఒడ్డు, పడవ నీడలో నలుపు. దగ్గరికి తెచ్చింది. నీడ అంచున కుంచె వెంట్రుక, అదే కొక్కెం వంపు. అరిగిపోయిన పాత కుంచె ఒకటి ఎక్కడో వెంట్రుకలు రాలుస్తూనే ఉందన్నమాట. ఆమె అంతకుముందు నెలది తెరిచింది. తలుపు సందులోని చీకట్లో మరొకటి.

ఒక్కో ఫోటో తెరిచిన కొద్దీ ఉచ్చు తన మెడకే బిగుస్తోందని ఆ పిల్లకు తెలుసు. నా తెర అబద్ధం చెప్పదనుకున్నాను, అబద్ధాన్ని కూడా ఉన్నదున్నట్టు చూపించిందన్నమాట అని తనలో తను గొణుక్కుంది. ఇన్నేళ్ళలో ఎందరినో చూసిన టీచరమ్మ ఇలాంటి మనిషిని చూడలేదు. వద్దనే మాట మింగేసి, కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చుంది. నోటుబుక్కు తెరిచి ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసింది.

“ఇంకా పద్నాలుగున్నాయి టీచరమ్మా,” అంది కొలతమ్మ. “దీపం కొంచెం తగ్గించండి.”